ఆ అంకెలు మీ మిషనువేనా?

ఇంట్లో సీఎన్‌సీ మిషను, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను కోసే మిషను, కట్టుకునేవాళ్ళకు ఒక దశ వస్తుంది. ఫ్రేము బిగించేశారు, మోటార్లు ఎక్కించారు, వైర్లు కలిపారు, కంప్యూటర్లో బాణం గుర్తు నొక్కితే గ్యాంట్రీ, అంటే కోసే బిట్టును మోసే అడ్డ చట్రం, కదులుతోంది. ఇక మిగిలింది మోటార్లను నడిపే కంట్రోలర్‌లో ముప్పై నాలుగు అంకెలు నింపడమే. సరిగ్గా అప్పుడే, ఇదివరకే మిషను కట్టిన ఎవరో ఒకరికి మెసేజ్ వెళ్తుంది: "అన్నా, నీ సెట్టింగ్స్ ఒకసారి పంపవా? అవే పెట్టేసుకుంటా."

నాకూ వస్తుంటాయి. నేను పంపను. దాచుకోవాల్సిన రహస్యమేమీ అందులో లేదు. ఆ అంకెలన్నీ నా మిషను గురించి నేను కంట్రోలర్‌కు చెప్పుకున్న సంగతులు. స్క్రూ ఇంత, మోటారు ఇంత, బల్ల పొడవు ఇంత అని. మీ మిషను దగ్గరికి వచ్చేసరికి అవే అబద్ధాలవుతాయి. అసలు నా గొడవ ఇంకొకటి ఉంది. అరువు తెచ్చుకున్న అంకెల కన్నా చేటు చేసేవి, మిషనులో ఉన్న వదులునీ వంకరనీ కప్పిపుచ్చడానికి మనంతట మనమే సవరించుకునే అంకెలు. రెంచీతో తీరాల్సిన పనిని కీబోర్డుతో తీర్చబోవడం మన హాబీలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడే జబ్బు. చాలా గైడ్లు దీన్ని "క్యాలిబ్రేషన్" అని పేరు పెట్టి మరీ నేర్పుతాయి.

ఇక్కడ నేను మాట్లాడేది జీఆర్‌బీఎల్ అనే కంట్రోలర్ ప్రోగ్రాము గురించి. ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద సీఎన్‌సీ షీల్డు అనే ఇంకో బోర్డు, మోటార్లకు కరెంటు పంపే నాలుగు చిన్న డ్రైవర్లు. మనవాళ్ళ ఇళ్ళలో మొదటి మిషను దాదాపు ఎప్పుడూ ఇదే. నార్వేలో సిమెన్ స్వాలే స్కోగ్స్‌రుడ్ 2009లో మొదలుపెట్టిన ఫర్మ్‌వేర్ (చిప్పులోనే ఉండే ప్రోగ్రాము) ఇది. 2011 నుంచి సంగున్ జియోన్ దాన్ని భుజాన వేసుకుని 1.1 వెర్షన్ దాకా తెచ్చాడు. నడిచే చిప్పు ఏటీమెగా 328పీ. 16 మెగాహెర్ట్జ్ వేగం, 32 కిలోబైట్ల ఫ్లాష్, 2 కిలోబైట్ల ర్యామ్, అంతే. ఆ ఇరుకులోనే జీ-కోడ్ (ఎక్కడికి ఎలా కదలాలో చెప్పే ఆదేశాలు) చదువుతూ, ముందున్న కదలికలు చూసుకుంటూ, మలుపు దగ్గర ఎంత నెమ్మదించాలో లెక్కవేస్తూ, మూడు మోటార్లకూ వేళ తప్పకుండా పల్సులు పంపుతుంది. ఇంత పొదుపుగా రాసిన ప్రోగ్రామును చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

అయితే ఆ చిప్పు గుడ్డిది. పల్సు పంపుతుంది, మోటారు తిరిగిందో లేదో దానికి తెలిసే దారి లేదు. ఫ్యాక్టరీ మిషన్లలో ఎన్‌కోడర్ ఉంటుంది, ఎక్కడిదాకా వచ్చామో వెనక్కి చెబుతుంది. 1952లో ఎంఐటీ సర్వోమెకానిజమ్స్ ల్యాబులో నడిపి చూపిన మొట్టమొదటి న్యూమరికల్ కంట్రోల్ మిల్లింగ్ మిషనుకే అలా వెనక్కి చెప్పే ఏర్పాటు ఉంది. మన ఊనోకు లేదు. "ఎక్స్ 300 దగ్గర ఉన్నాను" అని స్క్రీన్ మీద చూపించేది అది నమ్ముతున్న సంగతి మాత్రమే. ఆ నమ్మకం మొత్తం మనం రాసిన అంకెల మీదే నిలబడి ఉంటుంది.

అందుకే మొదట $100 సంగతి (జీఆర్‌బీఎల్‌లో ఒక్కో సెట్టింగుకు డాలర్ గుర్తుతో ఇలా ఒక నంబరే పేరు). ఒక మిల్లీమీటరు జరగడానికి ఎన్ని స్టెప్పులు కావాలో చెప్పే అంకె ఇది. $100 ఎక్స్ ఇరుసుకు, అంటే మిషను కదిలే ఒక దిశకు, $101, $102 మిగతా రెండు ఇరుసులు వై, జెడ్‌లకు. కొత్త బోర్డులో 250 అని వస్తుంది. అది ఎవరి మిషనుదో మనకు అనవసరం, మనది మాత్రం కాదు.

దీన్ని కొలవక్కర్లేదు. లెక్క కట్టాలి. మామూలు స్టెప్పర్, అంటే అడుగడుగుగా తిరిగే మోటారు, ఒక చుట్టుకు 200 స్టెప్పులు వేస్తుంది. షీల్డు మీద జంపర్లతో (పిన్నులను కలిపే చిన్న ముక్కలు) మైక్రోస్టెప్ ఎంత పెట్టారో, అంటే ఒక్కో స్టెప్పును ఎన్ని ముక్కలు చేశారో, దాంతో గుణించండి. ఒక చుట్టుకు ఇరుసు ఎన్ని మిల్లీమీటర్లు నడుస్తుందో దాంతో భాగించండి. టీ8 లీడ్ స్క్రూ (ఇరుసును జరిపే మరల కడ్డీ, చుట్టుకు 8 మి.మీ.), 8 మైక్రోస్టెప్పులు అయితే 1600 బై 8, అంటే 200. జీటీ2 బెల్టుకు 20 పళ్ళ పుల్లీ, 16 మైక్రోస్టెప్పులు అయితే చుట్టుకు 40 మి.మీ. కాబట్టి 80. 1605 బాల్ స్క్రూకు చుట్టుకు 5 మి.మీ., 16 మైక్రోస్టెప్పులతో 640. అయిపోయింది. ఒకే ఒక్క చోట కాలు జారుతుంది. టీ8 స్క్రూ మీద పక్కపక్క మరల మధ్య దూరం చూస్తే 2 మి.మీ. ఉంటుంది. కానీ మామూలుగా దొరికే స్క్రూలో నాలుగు మరలు కలిసి చుట్టుకుని ఉంటాయి, కాబట్టి ఒక చుట్టుకు నట్టు నడిచేది 8 మి.మీ. స్క్రూ మీద కేసి చూసి 2 అని రాసుకున్నవాళ్ళకు 20 అడిగితే 80 జరుగుతుంది. ఆ తప్పు దానంతట అదే అరిచి చెబుతుంది కాబట్టి పెద్ద భయం లేదు.

అరవని తప్పు వేరే ఉంది. మా పిన్ని కొడుకు ఒకడు విజయవాడలో ప్లైవుడ్ అల్మరాలు చేస్తాడు. టీ8 స్క్రూలతో మంచి మిషనే కట్టుకున్నాడు. లెక్క ప్రకారం $100 కి 200 పెట్టాడు. తర్వాత ఒక వీడియోలో చెప్పినట్టు 20 మి.మీ. జరిపి వెర్నియర్‌తో కొలిచాడు. 19.8 వచ్చింది. వీడియోలో చెప్పిన సూత్రమే: 200 ని 20 తో గుణించి 19.8 తో భాగించు. 202.02. ఆ అంకె పెట్టి మళ్ళీ కొలిస్తే పక్కాగా 20. వాడికి సంబరం. తర్వాత అల్మరా అర కోసం 300 మి.మీ. ముక్క కోస్తే దాదాపు 3 మి.మీ. ఎక్కువ వచ్చింది. "అన్నయ్యా, ప్లైవుడ్ తేడానా, బిట్టు తేడానా?" అని ఫోను.

తేడా ఎక్కడుందంటే, ఆ 0.2 మి.మీ. స్కేలు తప్పు కాదు. మెకానిక్కులు "ప్లే" అనే వదులు. ఇరుసు అంతకుముందు వెనక్కి వచ్చి ఆగింది. ముందుకు బయల్దేరినప్పుడు మొదటి 0.2 మి.మీ. మేరకు మోటారు తిరిగింది గానీ గ్యాంట్రీ కదల్లేదు. ఆ నష్టం దిశ మారిన ప్రతిసారీ ఒక్కసారే జరుగుతుంది, 20 జరిగినా 0.2, 300 జరిగినా 0.2. దాన్ని నూటికి ఒకటి చొప్పున $100 లోకి ఎక్కించేసరికి, దూరం పెరిగేకొద్దీ తప్పూ పెరిగింది. చిన్న ముక్క మీద ఒప్పు, పెద్ద ముక్క మీద తప్పు. ఇంతకన్నా నమ్మకంగా మోసం చేసే అంకె ఉండదు.

వెళ్ళి చూస్తే స్క్రూ చివర బేరింగ్‌కు ఆనుకుని ఉండాల్సిన కాలర్ కాస్త దూరంగా బిగించి ఉంది. చేత్తో పట్టి లాగితే స్క్రూ మొత్తం ముందుకీ వెనక్కీ ఆడుతోంది. కాలర్ వదులు చేసి, బేరింగ్‌కు ఆనించి, ఎలెన్ కీతో బిగించాం. $100 మళ్ళీ 200.

ఇదే ఆటోనగర్‌లో పాత లేత్ మీద పనిచేసే టర్నర్‌ని అడిగి చూడండి. క్రాస్ స్లయిడ్ హ్యాండిలు సైజు దాటి తిరిగిపోతే ఆయన ఆ గీత దాకా మాత్రమే వెనక్కి తిప్పి ఊరుకోడు. అర చుట్టు పైగా వెనక్కి తీసుకుని, మళ్ళీ ముందుకు తిప్పుతూ గీత మీదికి వస్తాడు. ప్లే ఎటు ఉందో తెలుసు కాబట్టి ఎప్పుడూ ఒకే వైపు నుంచి వస్తాడు. డయల్ మీద గీతల్ని చెరిపి కొత్త గీతలు గీసుకున్న టర్నర్‌ను నేనింతవరకు చూడలేదు. మనం $100 మార్చినప్పుడు చేసేది అదే.

మాక్3, లైనక్స్‌సీఎన్‌సీ లాంటి వేరే కంట్రోల్ సాఫ్ట్‌వేర్లలో బ్యాక్‌లాష్ (ప్లేకి ఇంకో పేరు) సవరణ అనే సౌకర్యం ఉంది. దిశ మారినప్పుడు ఇంత అదనంగా తిప్పు అని చెప్పొచ్చు. జీఆర్‌బీఎల్‌లో లేదు. ఇది పెద్ద లోటని గొణిగేవాళ్ళున్నారు. నాకైతే అది లేకపోవడమే మేలనిపిస్తుంది. చెక్కలో బిట్టు తిరుగుతుంటే కోత బలం గ్యాంట్రీని ఒక్కోసారి ముందుకు గుంజుతుంది, ఒక్కోసారి వెనక్కి తోస్తుంది. వదులు ఉన్న నట్టు ఆ ఖాళీలో ఎటు ఆనుకుని ఉందో ఫర్మ్‌వేర్‌కు తెలియదు. తెలియని దానికి సవరణ చెయ్యబోతే గుండ్రంగా రావాల్సిన చోట గంట్లు వస్తాయి. స్ప్రింగు వేసిన యాంటీ బ్యాక్‌లాష్ నట్టు కొనడానికయ్యే ఖర్చు ఒక మంచి బిట్టు ఖరీదు కూడా ఉండదు.

కొలిచి సవరించడం ఎప్పుడూ తప్పేనా అంటే కాదు. బెల్టు సాగుతుంది, ఇంట్లో ప్రింట్ చేసుకున్న పుల్లీ వ్యాసం లెక్కకు సరిపోకపోవచ్చు. అక్కడ కొలవాల్సిందే. దానికో పద్ధతుంది. ముందు కొంత దూరం అదే దిశలో జరిపి ప్లే అంతా తీసేయండి. అక్కడ సున్నా పెట్టి, అదే దిశలో బల్ల అనుమతించినంత దూరం జరిపి, మంచి స్టీలు స్కేలుతో కొలవండి. 20 మి.మీ. మీద 0.1 తేడాగా చూస్తే అర శాతం తప్పు, 500 మీద అదే 0.1 తేడాగా చూస్తే దాదాపు లెక్కలోకి రాదు. తర్వాత సగం దూరానికీ కొలిచి చూడండి. తేడా కూడా సగమైతే అది స్కేలు తప్పు, అంకె మార్చుకోండి. తేడా అంతే ఉంటే ప్లే ఇంకా మిగిలి ఉందన్నమాట, రెంచీ తీసుకోండి. ఈ రెండో కొలత సంగతి చెప్పే వీడియో నా కంటపడలేదు.

మైక్రోస్టెప్పుల గురించి ఒక మాట, ఎందుకంటే అక్కడా ఇదే భ్రమ. 8 కన్నా 16, 16 కన్నా 32 మేలనుకుని డీఆర్‌వీ8825 డ్రైవర్ కొని, $100 రెట్టింపు చేసుకుని, కచ్చితత్వం రెట్టింపయిందని మురిసిపోతారు. మైక్రోస్టెప్పు ఇచ్చేది నున్నటి కదలిక. కచ్చితత్వం కాదు. 16 మైక్రోస్టెప్పుల దగ్గర ఒక్క మైక్రోస్టెప్పు జరిగినప్పుడు మోటారు చూపగల అదనపు బలం దాని పట్టు బలంలో పదో వంతుకు కొంచెం తక్కువ. పట్టాల మీద రాపిడి అంతకన్నా ఎక్కువుంటే ఆ స్టెప్పు కాగితం మీద జరుగుతుంది, ఇరుసు మీద జరగదు. పైగా దీనికి చిప్పు మూల్యం చెల్లిస్తుంది. ఊనో మీద జీఆర్‌బీఎల్ సెకనుకు 30,000 పల్సుల దాకా పంపగలదు. 640 స్టెప్పుల ఇరుసుకు అది నిమిషానికి 2,800 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. 8 మైక్రోస్టెప్పులకు దిగి 320 చేసుకుంటే 5,600 దాకా దారి ఉంటుంది. ఇది తెలియక $110 లో (ఎక్స్ ఇరుసు గరిష్ఠ వేగం) 5000 రాసి, మోటారు కీచుమని ఆగిపోతే డ్రైవర్ని తిట్టుకుంటారు.

వేగం దగ్గరికి వచ్చాం కాబట్టి ఇక్కడ కాస్త నిలబడాలి. అసలు అందరూ గొప్పగా చెప్పుకునేది $110 గురించే. "నా మిషను నాలుగు వేలు పరిగెత్తుతుంది." నేనడిగేది $120. అంటే త్వరణం, మన మాటల్లో యాక్సిలరేషన్. కొత్త బోర్డులో ఇది సెకనుకు సెకనుకు 10 మి.మీ. అని వస్తుంది. బాగా భయస్తుడు రాసిన అంకె అది, ఏ మిషనూ దెబ్బతినకుండా. దాన్ని అలాగే వదిలేస్తే ఏమవుతుందో చూడండి.

నిమిషానికి 1200 మి.మీ. ఫీడు (కోసేటప్పుడు బిట్టు ముందుకు జరిగే వేగం) పెట్టారు. అంటే సెకనుకు 20. ఆ వేగం అందుకోవడానికి కావాల్సిన దూరం, వేగం వర్గాన్ని త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. 400 బై 20, అంటే 20 మి.మీ. మళ్ళీ ఆగడానికి ఇంకో 20. పది మి.మీ. పొడవున్న గీత కోస్తుంటే మధ్యలో దాని పతాక వేగం నిమిషానికి 600 మాత్రమే, అదీ ఒక్క క్షణం. మీరు $110 లో నాలుగు వేలు రాసుకున్నా పది వేలు రాసుకున్నా ఆ గీతకు తేడా ఏమీ తెలియదు. త్వరణం 200 చేస్తే? అదే 1200 వేగాన్ని ఒక్క మిల్లీమీటరులో అందుకుంటుంది.

ఇది సమయం ఆదా చేసుకునే ముచ్చట మాత్రమే కాదు. రౌటర్ (బిట్టును తిప్పే మోటారు) నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ, బిట్టుకు రెండు పళ్ళుంటే, 1200 ఫీడు దగ్గర ఒక్కో పన్ను 0.033 మి.మీ. చెక్కను తీస్తుంది. ఫీడు సగానికి పడితే పొట్టు కూడా సగం మందం. ఇంకా పడిపోతే పన్ను కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది. మూలల్లో, అక్షరాల సందుల్లో టేకు నల్లగా మాడేది అందుకే. బిట్టు మొద్దుబారిందని కొత్తది కొంటారు, అదీ మాడుస్తుంది.

మన లిపికి ఇది మరీ ముఖ్యం. ఇంగ్లీషు పెద్దక్షరాల నేమ్‌బోర్డులో పొడుగాటి నిలువు గీతలుంటాయి, వేగం పుంజుకోవడానికి చోటుంటుంది. తెలుగులో ఏముంది? అన్నీ ఒంపులే. ఒక "శ్రీ" చెక్కండి, తిన్నగా నడిచే గీత ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి. పైగా బొమ్మను జీ-కోడ్‌గా మార్చే చాలా క్యామ్ సాఫ్ట్‌వేర్లు ఫాంటులోని ఒంపును వందలాది చిన్న సరళరేఖలుగా ముక్కలు చేసి పంపుతాయి. ప్రతి అతుకు దగ్గరా ఎంత వేగంతో దాటొచ్చో జీఆర్‌బీఎల్ తేల్చుకునేది రెండు అంకెలతో: ఒకటి ఈ త్వరణం, రెండోది $11 లో ఉండే జంక్షన్ డీవియేషన్. రెండోదాన్ని 0.010 దగ్గరే ఉంచి త్వరణాన్ని సరిచేసుకుంటే తెలుగు అక్షరాల పని ఎంత మారుతుందో ఒక తలకట్టు కోసి చూస్తే తెలుస్తుంది. $11 పెంచితే మూలలు వేగంగా దాటుతుంది, నిజమే. త్వరణం తక్కువున్న మిషనుకు మూలలో కుదుపు పెంచడం నాకు అడ్డదారిగానే కనిపిస్తుంది.

మరి త్వరణం ఎంత పెట్టాలి? ఇదిగో, దీనికే నా అంకె మీకు పనికిరాదు. గ్యాంట్రీ బరువు, మోటారు, స్క్రూ, పట్టాల రాపిడి, అన్నీ అందులో ఉంటాయి. ఫర్మ్‌వేర్‌కు కనబడని అంకెలు కూడా ఉంటాయి. డ్రైవర్ మీద ఉన్న చిన్న స్క్రూను స్క్రూడ్రైవరుతో తిప్పి పెట్టే కరెంటు అలాంటిదే. ఏ4988 డ్రైవర్‌లో సెన్స్ రెసిస్టరు 0.1 ఓం అయితే ఒక ఆంపియరుకు వీరెఫ్ (ఆ స్క్రూ దగ్గర మీటరుతో కొలిచే వోల్టేజి) 0.8 వోల్టులు రావాలి. అదే అచ్చుతో 0.05 ఓం రెసిస్టరున్న బోర్డులూ దొరుకుతాయి, వాటికి అందులో సగమే. ఇక సప్లై వోల్టేజి. స్టెప్పర్ వేగంగా తిరిగేకొద్దీ చుట్టలోకి కరెంటు ఎక్కడానికి సమయం చాలదు, బలం పడిపోతుంది. 12 వోల్టుల మీద నీరసపడే మోటారే 24 వోల్టుల మీద అదే వేగంలో నిలబడుతుంది. నా మిషనుది 24. మీది 12 అయి, నా అంకెలు పెట్టుకుంటే గాలిలో బాగానే తిరుగుతుంది, ప్లైవుడ్‌లోకి దిగగానే స్టెప్పులు మింగుతుంది. మింగిన సంగతి చిప్పుకు తెలియదని ముందే చెప్పుకున్నాం.

తేల్చుకునే దారి ఒకటే. ఒక్కో ఇరుసును విడిగా తీసుకోండి. వేగం ఓ మోస్తరుగా ఉంచి త్వరణం కొంచెం కొంచెం పెంచుతూ ఇటూ అటూ పరుగెత్తించండి. మోటారు గుర్రుమని ఆగిపోయే చోటు వస్తుంది. తర్వాత వేగానికి కూడా అలాగే. ఆ హద్దు నుంచి 10, 20 శాతం తగ్గించమని జీఆర్‌బీఎల్ వాళ్ళ సలహా. చెక్క పని చేసేవాళ్ళకు అది చాలదని నా అభిప్రాయం. ముడి తగిలినప్పుడు, బిట్టు మొద్దుబారినప్పుడు, పట్టాల్లో రంపపు పొట్టు చేరినప్పుడు కూడా అదే అంకెతో నడవాలి. నేనైతే సగానికి దగ్గరగా తగ్గిస్తాను. ఆ తర్వాత పరీక్ష: ఒక గుర్తు దగ్గర డయల్ గేజ్ ఆనించి, కాసేపు వేగంగా ఇటూ అటూ తిప్పి, మళ్ళీ అక్కడికే తెచ్చి చూడండి. ముల్లు అదే చోటికి రావాలి.

లిమిట్ స్విచ్చుల (ఇరుసు చివరికి చేరగానే నొక్కుకునేవి) దగ్గర ఈ కప్పిపుచ్చే జబ్బు ఇంకో వేషం వేస్తుంది. $21 పెట్టి హార్డ్ లిమిట్స్ తెరుస్తారు. బిట్టును తిప్పే స్పిండిల్ ఆన్ చెయ్యగానే, ఎవరూ స్విచ్చు ముట్టుకోకుండానే, అలారం 1. మిషను ఆగిపోతుంది. స్పిండిల్ వైరు పక్కనే స్విచ్చు వైరు పరిచారు కదా, దాని రొద ఇందులోకి ఎక్కుతోంది. వెంటనే వచ్చే సలహా: "$26 డీబౌన్స్ పెంచు." స్విచ్చు సంకేతం కుదురుకునేదాకా ఆగే సమయం అది. 250 ని 500 చేస్తారు, 1000 చేస్తారు. తగ్గదు. తగ్గదు ఎందుకంటే $26 పనిచేసేది హోమింగ్ (మిషను స్విచ్చుల దాకా వెళ్ళి తన చోటు తెలుసుకోవడం) జరిగేటప్పుడు మాత్రమే. కోత మధ్యలో వచ్చే అలారానికి దానికీ సంబంధం లేదు. చివరికి విసిగి $21 ని 0 చేసి, "స్విచ్చులు దండగ" అని తీర్మానిస్తారు. షీల్డెడ్ వైరు వేసి దాని కవచాన్ని ఒక చివరే ఎర్త్ చెయ్యడం, స్విచ్చు పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టడం, వీలైతే ఆప్టోకప్లర్ (సంకేతాన్ని వెలుగుతో దాటించే) బోర్డు వాడడం, స్పిండిల్ వైర్లకు దూరంగా పరచడం. మందు ఇక్కడుంది. స్విచ్చులను ఎన్‌సీ పద్ధతిలో (మామూలుగా కలిసి ఉండి, నొక్కితే విడిపోయేలా) కలిపి $5 మార్చుకోండి. వైరు తెగినా వెంటనే తెలుస్తుంది. మన ఇళ్ళలో చాలా ప్లగ్గుల్లో మూడో బొక్క అలంకారం కోసమే ఉంటుంది, కాబట్టి ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ముందు టెస్టర్‌తో చూసుకోండి.

జెడ్ స్విచ్చుది ఇంకో కథ. 0.9 వెర్షన్ నుంచి ఊనో 11వ పిన్నును స్పిండిల్ వేగం కోసం తీసేసుకున్నారు, జెడ్ లిమిట్ 12కి మారింది. పాత డిజైను షీల్డుల మీద అచ్చు మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది. జెడ్ అని రాసి ఉన్న చోట స్విచ్చు కలిపితే హోమింగ్‌లో ఎంత వెతికినా దొరకదు, అలారం 9. వెతికే దూరం $132 లో రాసిన ప్రయాణం మీద ఆధారపడుతుందని ఎవరో చెబితే అది పెంచుతారు. ఫలితంగా జెడ్ పైన కొట్టుకుని ఇంకాసేపు గరగరలాడుతుంది. వైరును స్పిండిల్ ఎనేబుల్ అని రాసి ఉన్న పిన్నుకు మార్చడమే దీనికి మందు.

$130 నుంచి $132 దాకా ఉన్న ప్రయాణపు అంకెలు కూడా అబద్ధమాడకూడదు. హద్దు దాటే కదలికను ముందే ఆపే సాఫ్ట్ లిమిట్స్ వాటినే నమ్ముతాయి. జీఆర్‌బీఎల్‌లో మిషను కోఆర్డినేట్లు హోమ్ నుంచి రుణాత్మకంగా సాగుతాయి. ఇది తెలియక అలారం 2 చూసి బెదిరిపోయి, 300 మి.మీ. బల్లకు 1000 అని రాసేవాళ్ళున్నారు. అలారం పోతుంది. కాపలా కూడా పోతుంది.

హోమింగ్ అవసరమా అని అడిగేవాళ్ళకు నా జవాబు: మీ ఊళ్ళో కరెంటు పోదా? రెండు గంటల పనిలో గంటన్నర దగ్గర ఆగిపోతే, హోమింగ్ లేని మిషనుకు తానెక్కడుందో తెలియదు. స్విచ్చులుంటే మళ్ళీ హోమ్ చేసి, జీ54 లో పెట్టుకున్న సున్నా (పని మొదలయ్యే చోటు) ఎలాగూ ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) భద్రంగా ఉంటుంది కాబట్టి, ఆగిన వరుస నుంచి కోత కొనసాగించొచ్చు.

మిగతావి త్వరగా. $3 లో దిశలు: ఎక్స్‌కు 1, వైకి 2, జెడ్‌కు 4, తిరగెయ్యాల్సినవాటిని కూడి రాయండి. బల్ల కదిలే మిషనులో వై ప్లస్ అంటే బల్ల మీ వైపు రావాలి, బిట్టు దృష్టితో చూడాలి. $1 ని 255 చెయ్యండి, మోటార్లు పట్టు వదలవు. లేకపోతే టీ8 స్క్రూ మీద బరువైన స్పిండిల్ ఆగిన చోటు నుంచి కిందికి జారొచ్చు. లేజర్ పెట్టేవాళ్ళు $30 నీ, సాఫ్ట్‌వేర్‌లో పవర్ గరిష్ఠాన్నీ ఒకటే చేసుకోండి. $30 లో 1000, సాఫ్ట్‌వేర్‌లో 255 ఉంటే పావు వంతు వెలుగే వస్తుంది, లేజర్ నకిలీదని అమ్మినవాడి మీద అనుమానం కలుగుతుంది.

ఇంత చెప్పినా ఒక ఎదురు వాదన ఉంది, దాన్ని కొట్టిపారెయ్యలేను. 3018 అనే రెడీమేడ్ సీఎన్‌సీ కిట్ కొన్నవాడికి ఆ అంకెలు కాపీ చెయ్యడంలో తప్పేముంది? ఏమీ లేదు. అదే స్క్రూ, అదే మోటారు, అదే బోర్డు, అదే సప్లై అయితే అవి అతని మిషను అంకెలే. స్పిండిల్ మార్చి బరువైనది పెట్టేదాకా. "మొదట కాపీ చేసి నడిపించనీ, తర్వాత నేర్చుకుంటాడు" అనే మాటలో కూడా కొంత న్యాయముంది. మిషను కదలకపోతే ఉత్సాహం చస్తుంది. అయితే కదిలాక ఆ అంకెల జోలికి మళ్ళీ వెళ్ళినవాళ్ళను నేను చాలా తక్కువగా చూశాను. అందుకే అడిగినవాళ్ళకు సెట్టింగ్స్ బదులు తిరిగి ప్రశ్నలు పంపుతాను. స్క్రూ లీడ్ ఎంత, జంపర్లు ఎన్ని పెట్టావు, సప్లై ఎన్ని వోల్టులు, గ్యాంట్రీ తూచావా. జవాబులు వచ్చేసరికి సగం అంకెలు వాళ్ళే రాసేసుకుని ఉంటారు.

ఇప్పుడు ఈఎస్‌పీ32 బోర్డుల మీద ఫ్లూయిడ్‌ఎన్‌సీ అనే ఫర్మ్‌వేర్ వాడేవాళ్ళు పెరుగుతున్నారు. అందులో డాలర్ అంకెలతో తంటా లేకుండా సెట్టింగులన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో పేర్లతో సహా ఉంటాయి. చదవడానికి ఎంతో మేలు. పంపుకోవడానికి కూడా అంతే సులువు, నా బెంగ అదే. పంపేవాళ్ళు ప్రతి అంకె పక్కనా హాష్ గుర్తు పెట్టి అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక ముక్క రాస్తే బాగుంటుంది: "1605, 8 మైక్రోస్టెప్, లెక్క", "24 వోల్టుల మీద పరీక్షించింది, స్పిండిల్ 3 కిలోలు" అని. అలా రాసి ఉన్న ఫైలు ఎవరిదైనా సరే, నాకూ పంపండి.